మొదటి రేసు ఎక్కడ చూడాలి?

రేసు చూడ్డానికి పోవాలని మనసులో ఉన్నవాళ్లను ఏ రేసు అని అడిగితే మొనాకో అంటారు, సింగపూర్ అంటారు, అబుదాబి అంటారు. టీవీలో చూసేవి అవే కాబట్టి ముందు ఆ పేర్లే నోటికొస్తాయి. అందులో తప్పు లేదు. కానీ మస్టర్లు (హాజర్లు) లెక్కపెట్టుకుంటూ, ప్లే డేలు (వారాంతపు సెలవులు) చూసుకుంటూ, పిల్లల ఫీజులు కట్టుకుంటూ నడిచే సింగరేణి ఇంట్లో కోరిక అంత దూరంలో మొదలైతే అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టు దగ్గర ఒక ఏడాది పోతుంది, డబ్బు దగ్గర ఇంకో ఏడాది, సెలవు దగ్గర మరో ఏడాది. అందుకని ఈ అధ్యాయంలో నా సలహా ముందే చెప్పేస్తున్నాను. మీ మొదటి రేసు చిన్నదై ఉండాలి. పక్కా ట్రాక్ మీద జరిగేదై ఉండాలి. రామగుండంలో రైలెక్కితే చేరుకోగలిగేదై ఉండాలి. నా లెక్కన అది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో జరిగే జాతీయ చాంపియన్‌షిప్ రౌండు.

ముందు హైదరాబాద్ సంగతి చూద్దాం, ఎందుకంటే మనకు అన్నిటికన్నా దగ్గరికి వచ్చిన పెద్ద రేసు అదే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల దారిని ట్రాక్‌గా మార్చి ఫార్ములా ఈ విద్యుత్ కార్లు నడిపారు. గ్రేటర్ నోయిడాలో 2013 అక్టోబరులో జరిగిన చివరి ఇండియన్ గ్రాండ్ ప్రి తర్వాత మన దేశంలో జరిగిన మొదటి ఎఫ్‌ఐఏ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు అది. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఒకే టీమ్‌కు చెందిన రెండు జాగ్వార్ కార్లు హెయిర్‌పిన్ మలుపులో ఒకదానికొకటి తగిలి రెండూ రేసులోంచి పోయాయి. ఆ మలుపు దగ్గర కూచున్నవాళ్లు టీవీలో పదిసార్లు తిప్పి చూపించిన దృశ్యాన్ని కళ్లముందు చూశారు. క్వాలిఫయింగు, రేసు రెండూ శనివారం ఒక్క రోజులోనే అయిపోయాయి. గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద బస్సులో పోయి, చూసి, ఆదివారం తెల్లారేసరికి క్వార్టర్‌కు తిరిగి రాగలిగిన ప్రపంచ స్థాయి రేసు మనకు అంతకుముందు లేదు.

మరుసటి ఏడాది 2024 ఫిబ్రవరి 10న మళ్లీ జరగాల్సింది. జనవరి 5న రద్దయిందని ప్రకటన వచ్చింది. మధ్యలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఒప్పందం నిలబడలేదు. దాని వెనక రాజకీయం, కేసులు ఉన్నాయి, వాటిలోకి నేను పోవడం లేదు. చూసేవాడికి కావాల్సింది మరో విషయం. రేసుకు అయిదు వారాల ముందు రద్దు. అప్పటికి సెలవు అడిగినవాళ్లు, బంధువుల ఇంట్లో దిగుతామని చెప్పినవాళ్లు, టికెట్టు కోసం డబ్బు పక్కన పెట్టుకున్నవాళ్లు ఎందరో ఉంటారు.

అది ఒక్కటే కాదు. అంతకుముందు 2022 నవంబరులో అదే హుస్సేన్‌సాగర్ ట్రాక్ మీద ఇండియన్ రేసింగ్ లీగ్ మొదటి రౌండు పెట్టారు. జనం వచ్చి కూచున్నాక ప్రమాదాలు, ఆలస్యాలు అయ్యి అసలు రేసులు జరగకుండానే ముగిసింది. చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద రాత్రి రేసు 2023 డిసెంబరులో అనుకున్నారు. మిచాంగ్ తుపాను వచ్చి వాయిదా పడింది. చివరకు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది. మూడు రేసులు, మూడు వేర్వేరు కారణాలు. నాకు ఇందులో కనిపించేది ఒకటే: వీధిని ట్రాక్‌గా మార్చే రేసు వందమంది ఒప్పుకుంటేనే జరుగుతుంది. ప్రభుత్వం, పోలీసులు, కార్పొరేషన్, స్పాన్సర్లు, వాతావరణం, అందరూ ఒకే వారాంతంలో సరేననాలి. దాన్ని నమ్ముకుని దూరం పోకూడదు. హైదరాబాద్‌లో మళ్లీ వీధి రేసు వస్తే తప్పకుండా పోండి. 2023లో టికెట్లు వెయ్యి రూపాయల నుంచే మొదలయ్యాయి. అది రద్దయినా మీకు పోయేది ఒక బస్సు టికెట్టు, ఒక సెలవు. అంతవరకు భరించగలం. వీధి రేసుకు ఎంత దూరం పోవచ్చంటే, రద్దయితే ‘పోతే పోనీ’ అని మనస్ఫూర్తిగా అనుకోగలిగినంత దూరం.

పక్కా ట్రాక్ సంగతి వేరు. చెన్నై నుంచి బెంగళూరు దారిలో, హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఇరుంగాట్టుకోట్టైలోనే మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. పొడవు 3.717 కిలోమీటర్లు. ఆ క్లబ్బు 1950ల నాటిది. తొలిరోజుల్లో వాళ్లు షోళవరంలో యుద్ధకాలం నాటి పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు పెట్టేవారు. దక్షిణ భారతంలో రేసింగ్ పుట్టి పెరిగింది ఆ సిమెంటు పట్టీ మీదే. (మన బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ పక్కనుంచి పోయినప్పుడల్లా నాకు షోళవరం గుర్తొస్తుంది.) ఇరుంగాట్టుకోట్టైలో ఏటా జూన్ నుంచి అక్టోబరు, నవంబరు దాకా జాతీయ కార్ల, మోటార్‌సైకిళ్ల చాంపియన్‌షిప్ రౌండ్లు జరుగుతాయి. ఒక రౌండు చేజారినా మరో నెలలో ఇంకో రౌండు ఉంటుంది. మీ సెలవు ఆ నెలకు జరుపుకుంటే సరిపోతుంది. గ్రాండ్ ప్రి అయితే ఏడాదికి ఒక్కటే.

చిన్న రేసు అంటున్నాను కదా, అందులో చూడ్డానికేముందని మీరు అడగవచ్చు. టీవీలో లేనిది ఉంది. గ్రాండ్ ప్రిలో లక్షమంది మధ్య మీకు కేటాయించిన కుర్చీలో కూచుంటారు. కారు మీ ముందు నుంచి రెండు సెకన్లలో పోతుంది, మిగతాదంతా పెద్ద తెర మీద చూడాల్సిందే. జాతీయ రౌండులో జనం తక్కువ. ఒక రేసు ఒక మలుపు దగ్గర చూసి, తర్వాతి రేసుకు ఇంకో చోటికి మారవచ్చు. రోజంతా రేసులే: ఫార్ములా కార్లు, టూరింగ్ కార్లు, 165 సీసీ బైకులు, కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాళ్ల పోటీలు. టీవీఎస్ వాళ్లు తమ అపాచీ బైకులకే విడిగా పోటీ నడుపుతారు. మీ క్వార్టర్ ముందు స్టాండు వేసి ఉన్న బండి జాతిదే, ట్రాక్ మీద మోకాలు నేలకు తాకేంత వంగి మలుపు తీసుకోవడం చూస్తే, ఆ బండి గురించి మీకు తెలుసనుకున్నది చాలా తక్కువని అర్థమవుతుంది. మెకానిక్కులు టైర్లు మార్చడం, చైన్ సరిచేయడం, గొడవపడటం, నవ్వుకోవడం దగ్గరగా కనిపిస్తుంది. వర్క్‌షాపులో పనిచేసే ఫిట్టర్లకు, ఎలక్ట్రీషియన్లకు ఆ ఒక్కటి చాలు, పెట్టిన ఖర్చు తీరిపోతుంది.

ఎక్కడ నిలబడాలన్నది ఏ రేసుకైనా ముఖ్యమే, దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. టికెట్లు కొనేవాళ్లు సాధారణంగా స్టార్టు లైను ఎదురుగా కూచోవాలనుకుంటారు. గ్రిడ్ కనిపిస్తుంది, పిట్ కనిపిస్తుంది, గెలిచినవాడు జెండా దాటడం కనిపిస్తుంది. నిజమే కానీ అక్కడ బండ్లు తిన్నగా, అతివేగంగా పోతాయి, ఎవరు ఎవర్ని ఎలా దాటారో అర్థం కాదు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపిన మనిషిని అడగండి, నైపుణ్యం ఎక్కడ తెలుస్తుందో చెబుతాడు: ర్యాంపు దిగుతూ మలుపులోకి వచ్చేటప్పుడు, ఎక్కడ వేగం తగ్గించాడు, ఎంత ముందు గేరు దించాడు, బండిని ఏ గీత మీద పెట్టాడు అన్నదాంట్లో. రేసు కూడా అంతే. పొడవాటి తిన్నని దారి ముగిసి, గట్టిగా బ్రేకు వేసి ఇరుకు మలుపులోకి తిరిగే చోట నిలబడండి. డ్రైవర్ల మధ్య తేడా అక్కడ బయటపడుతుంది. ఒకడు యాభై మీటర్ల ముందే బ్రేకు వేస్తాడు, మరొకడు ఇంకాస్త ఆగి వేసి లోపలివైపు నుంచి దూరతాడు. హైదరాబాద్‌లో జాగ్వార్లు తగులుకున్నది కూడా అలాంటి చోటే.

ఇంకో లెక్క చూసుకోవాలి, బండి మీ ముందుకు ఎన్నిసార్లు వస్తుందన్నది. ఫార్ములా వన్‌లో రేసు దూరం ఇంచుమించు అన్నిచోట్లా ఒక్కటే, 305 కిలోమీటర్లకు కాస్త పైన. కాబట్టి ట్రాక్ ఎంత పొడవైతే మీరు అన్ని తక్కువసార్లు చూస్తారు. బెల్జియంలో స్పా ట్రాక్ ఏడు కిలోమీటర్లు, అక్కడ 44 ల్యాప్‌లు. సింగపూర్‌లో 62. మొనాకోలో దూరం తగ్గించినా ట్రాక్ చిన్నది కాబట్టి 78. మన దగ్గర కోయంబత్తూరు బయట చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, పొడవు 2.1 కిలోమీటర్లే. ఫార్ములా మారుతి కార్లకు రూపమిచ్చి, విమాన ప్రమాదంలో చనిపోయిన ఎస్. కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. చిన్న ట్రాక్ కావడంతో ఒకచోట నిలబడితే చాలాభాగం కనిపిస్తుంది. చెన్నై చూశాక రెండో రేసుకు కోయంబత్తూరు పోవడం నాకు నచ్చే దారి. కేరళ వైపు పోయే రైళ్లు మన లైను మీదుగానే పోతాయి.

ఇక సెలవు. క్యాలెండరు ముందు పెట్టుకుని రెండు వరసలు రాయండి, ఒకటి బాయి (గని) క్యాలెండరు, ఒకటి రేసు క్యాలెండరు. జనవరి నుంచి మార్చి 31 దాకా కంపెనీ వార్షిక లక్ష్యం వెంట ఉంటుంది, ఆ రోజుల్లో సెలవు దొరకడం కష్టం, అడగడమూ మొహమాటమే. రెండేళ్లకోసారి ఫిబ్రవరికి అటూఇటూగా మేడారం జాతర వస్తుంది, ఇంటిల్లిపాదీ పోవాలి, ఉన్న సెలవులు అటే పోతాయి. అందువల్ల ఫిబ్రవరి, మార్చి రేసులు, ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రి అయినా, థాయ్‌లాండ్ బురిరామ్ బైకు రేసు అయినా మనవి కావు. జూలై, ఆగస్టుల్లో వానలకు ఓపెన్‌కాస్టుల్లో పని నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే చెన్నైలో జాతీయ రౌండ్లు నడుస్తుంటాయి. రెండు క్యాలెండర్లు ఇంత చక్కగా కలిసేది ఆ ఒక్కచోటే. దసరా ముందు లాభాల వాటా, తర్వాత దీపావళి బోనస్ వస్తాయి కాబట్టి డబ్బు చేతిలో ఉండేది అక్టోబరు, నవంబరుల్లో. పెద్ద ప్రయాణం ఏదైనా ఆ కాలానికి పెట్టుకోవాలి.

చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవారికి 15 రోజుల పనికి ఒక రోజు, ఉపరితలంలో 20 రోజుల పనికి ఒక రోజు వేతనంతో సెలవు వస్తుంది. దానికి ఏడాదిలో నిర్ణీత సంఖ్యలో హాజర్లు ఉండాలి. కాబట్టి రేసు కోసం నాగా (గైర్హాజరు) పెట్టకండి. ఈ ఏడాది పెట్టిన నాగా వచ్చే ఏడాది సెలవును తినేస్తుంది. గురువారం రాత్రి బయల్దేరితే శుక్రవారం చెన్నైలో ఉంటారు, శని, ఆదివారాలు ట్రాక్ దగ్గర, సోమవారం ఇంటికి. వారాంతపు సెలవు పోను, విశ్రాంతికి మంగళవారంతో కలిపి నాలుగు రోజులు అడిగితే చాలు. షిఫ్టు ఇన్‌చార్జికి నెల ముందే చెప్పండి. కారణం అడిగితే రేసు చూడ్డానికనే చెప్పండి. ఒంట్లో బాగోలేదని చెప్పి పోయినవాడికి చూసింది తిరిగొచ్చి నోరారా చెప్పుకునే వీలుండదు, చూసిన ఆనందంలో సగం దాంతోనే పోతుంది. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటున్నాయి. రౌండు తేదీలు వచ్చిన రోజునే లెక్కపెట్టి, రిజర్వేషను తెరుచుకునే రోజు ఉదయమే టికెట్టు తీసుకోండి. ఢిల్లీ, చెన్నైలను కలిపే ప్రధాన మార్గం మీద ఉండటం రామగుండానికి ఉన్న పెద్ద సౌకర్యం, దాన్ని వాడుకోండి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఎప్పుడైనా మళ్లీ పెద్ద రేసు పెడితే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఎక్కితే మర్నాడు పొద్దునకు ఢిల్లీలో దిగుతారు. 2023 సెప్టెంబరులో అక్కడ మోటోజీపీ బైకు రేసు జరిగింది, ఎండకు తట్టుకోలేక రేసునే 24 నుంచి 21 ల్యాప్‌లకు తగ్గించారు, ఇటలీ రైడర్ బెజెక్కి గెలిచాడు. మరుసటి ఏడాది జరగలేదు. అందుకే దాన్ని నమ్ముకోమని చెప్పను. వస్తే మాత్రం వదలొద్దు.

ఖర్చు రాసేటప్పుడు రైలు, గది, తిండి, టికెట్టు మాత్రమే రాసి ఊరుకుంటారు. ప్లే డే డ్యూటీకి వచ్చే అదనపు జీతం పోతుంది, అదీ ఖర్చే. ఇంట్లో ఆ మొత్తం లెక్క చూపించి మాట్లాడండి. మన ఇళ్లలో వేములవాడకు, కొండగట్టుకు, తిరుపతికి డబ్బు ఖర్చయితే ఎవరూ ప్రశ్నించరు. కార్లు తిరగడం చూడ్డానికి మూడు రోజులు, కొన్ని వేలు అంటే మాత్రం భార్యకు, తల్లికి అనుమానం రావడం సహజం. వాళ్ల అనుమానాన్ని చిన్నచూపు చూడొద్దు. ఏళ్లపాటు నైట్ షిఫ్టులకు లేచి టిఫిన్ కట్టినవాళ్లకు ఆ ఇంటి డబ్బు మీద మాట ఉంటుంది. నాకు తోచిన దారి వాళ్లనూ తీసుకుపోవడం. ఇరుంగాట్టుకోట్టై దాటి అదే దారిలో ఇంకాస్త పోతే కాంచీపురం. కామాక్షి అమ్మవారి దర్శనం, వరదరాజస్వామి దర్శనం, పట్టుచీరల వీధి, ఒక రోజు నిండుగా సరిపోతుంది. తిరుగు ప్రయాణంలో తిరుపతి కూడా కలుపుకోవచ్చు. నాలుగేళ్ల బ్లాకులో వచ్చే ఎల్‌టీసీ, ఎల్‌ఎల్‌టీసీలను ఇలాంటి ప్రయాణానికి వాడుకునే వీలుందేమో పర్సనల్ ఆఫీసులో ముందే కనుక్కోండి. ఒకమాట, రేసు మీద ఇష్టం మగపిల్లలదే అనుకోవద్దు. ఇంట్లో కూతురు బైకుల పేర్లు చెబుతుంటే ఆమెకూ ఒక టికెట్టు తీయండి.

రెండు మూడు రేసులు చూశాక విదేశం గురించి ఆలోచించవచ్చు. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది. బైకులు నచ్చాయా, కార్లు నచ్చాయా, రోజంతా ఎండలో నిలబడగలరా, జనంలో ఇబ్బంది పడతారా. మొదటి విదేశీ రేసుకు నేను మలేషియా సెపాంగ్ మోటోజీపీనే చెబుతాను. పక్కా ట్రాక్, 5.543 కిలోమీటర్లు, కౌలాలంపూర్ విమానాశ్రయానికి ఆనుకున్నట్టే ఉంటుంది. శంషాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. సాధారణంగా అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో జరుగుతుంది, లాభాల వాటా వచ్చిన కాలం. ఒకప్పుడు రబ్బరు తోటల్లో పనికి పోయి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ తరాలుగా ఉన్నారు, వాళ్ల తెలుగు సంఘం 1955 నుంచి నడుస్తోంది.

సింగపూర్ కూడా వీధి రేసే, కానీ 2008లో మొదలైనప్పటి నుంచి కోవిడ్ వల్ల ఆగిన 2020, 2021 తప్ప ఏటా జరిగింది, కాబట్టి నేను పైన చెప్పిన భయం దానికి అంతగా వర్తించదు. అక్కడి అడ్డంకి డబ్బే. టికెట్టు ఖరీదు, ఆ వారం హోటళ్లు ఇంకా ఖరీదు. అబుదాబి మనవాళ్లకు మనసుకు దగ్గర, ఎందుకంటే జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్‌ల నుంచి గల్ఫ్‌కు పోయిన బంధువు లేని ఇల్లు మన చుట్టుపక్కల తక్కువ. యాస్ మరీనా ట్రాక్ మీద 2009 నుంచి రేసు జరుగుతోంది. కానీ కంపెనీ క్యాంపులో ఉండే తమ్ముడి గదిలో దిగుదామని లెక్క వేసుకోకండి. అక్కడ బయటివాళ్లను రాత్రి ఉంచుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు, మీ వల్ల అతని పనికే ముప్పు రావచ్చు. గది మీరే తీసుకుని, వీలైతే అతనికి కూడా ఒక టికెట్టు కొనండి. ఎడారిలో ఏళ్లుగా పనిచేస్తూ పక్కనే జరిగే రేసును ఒక్కసారైనా చూడని మనవాళ్లు ఎందరో ఉన్నారు.

విదేశం ఎక్కడికైనా సరే, ముందు గని వెల్ఫేర్ ఆఫీసరును కలిసి కంపెనీ అనుమతి కాగితాల సంగతి అడిగి, తర్వాతే టికెట్టు కొనండి. ఒకసారి విమానం, హోటల్, రేసు మూడూ కొన్నాక అనుమతి రాకపోతే మూడూ పోతాయి.

తిరిగొచ్చాక ఒక జాగ్రత్త. రేసు ఆదివారం సాయంత్రం ముగుస్తుంది, రైల్లో నిద్ర సరిగా పట్టదు, సోమవారం రామగుండంలో దిగుతారు. అదే రాత్రి నైట్ షిఫ్టుకు పోవాలని చూడకండి, ముఖ్యంగా డంపర్, డోజర్, షావెల్ ఆపరేటర్లు, కింద మెషీన్ల దగ్గర పనిచేసేవారు. సెలవు అడిగేటప్పుడే మంగళవారం కూడా కలిపి అడగండి. బుధవారం ఫస్ట్ షిఫ్టుకు నిద్ర తీరిన కళ్లతో పోండి.